ఎండుటాకు లాంటి పురుగు: ఘోస్ట్ మాంటిస్ పెంపకం డైరీ

రోజు 1

గుడ్ల గూడు ఈ రోజు చేతికొచ్చింది. రెండు సెంటీమీటర్ల పొడవుంటుందేమో. ఎండిన జిగురు ముద్దలా గోధుమ రంగులో ఉంది, ఒక చివర సన్నటి దారంలా సాగింది. తెలియనివాళ్లు చూస్తే పుల్లకి ఏదో చెత్త అంటుకుందని దులిపేస్తారు. లోపల ముప్పై దాకా ప్రాణాలు ఉండొచ్చు. తల్లి గుడ్లు పెడుతూనే నురగ కూడా వదులుతుంది, ఆ నురగే గట్టిపడి ఇలా గూడవుతుంది.

గొల్లభామ అనే మాటని కొందరు మిడతకి వాడతారు, కొందరు ముందు కాళ్లు మడిచి దండం పెట్టినట్టు నిలబడే వేటాడే పురుగు మాంటిస్‌కి వాడతారు. గందరగోళం లేకుండా ఈ డైరీలో మాంటిస్ అనే రాస్తాను. ఇది ఘోస్ట్ మాంటిస్, శాస్త్రీయ నామం ఫిల్లోక్రేనియా పారడాక్సా. 1838లో బర్మైస్టర్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని వర్ణించి ఆ పేరు పెట్టాడు. పుట్టిల్లు ఆఫ్రికా, మడగాస్కర్. ఎదిగాక ఆడది ఐదు సెంటీమీటర్ల లోపే ఉంటుంది. తల మీద వంకర కిరీటం, మెడకి రెండు వైపులా ఆకు అంచుల్లాంటి రేకులు, కాళ్ల మీద చిరిగిన ఆకు ముక్కల్లాంటివి. కొమ్మ మీద కదలకుండా ఉంటే ముడుచుకుపోయిన ఎండుటాకే.

ఈ గూడు పెట్టిన తల్లి కూడా పెంపకంలో పుట్టిందే. అడవిలోంచి ఏరి తెచ్చినది కాదని ముందే అడిగి ఖాయం చేసుకున్నాను. బయటి జాతి పురుగుల్ని తెప్పించుకోవడానికీ పెంచడానికీ ఒక్కో దేశంలో ఒక్కో నియమం ఉంటుంది. అది చూసుకోకుండా ఎవరూ మొదలుపెట్టకూడదు.

పోయినసారి పెంచినప్పుడు పిల్లల్ని మూడో దశ, అంటే రెండో కుబుసం విడిచాక వచ్చే దశ, దాటించలేకపోయాను. ఎక్కడ తప్పు జరిగిందో వెనక్కి తిరిగి చూసుకుందామంటే ఒక్క ముక్క కూడా రాసి పెట్టుకోలేదు. అందుకే ఈసారి డైరీ.

గూడుని ఒక పొడవాటి సీసా మూత లోపలి వైపు, బెండు ముక్కకి అతికించి వేలాడదీశాను. తల్లి పెట్టినప్పుడు ఏ వైపు పైకి ఉందో అదే వైపు పైకి ఉంచాను. పిల్లలు బయటికి వచ్చే గీత దేనికీ ఆనకుండా ఖాళీ వదిలాను. పగలు 26 డిగ్రీలు, రాత్రి 22. రెండు రోజులకోసారి సీసా గోడల మీద నీళ్లు చిలకరిస్తాను, గూడు మీద కాదు.

రోజు 3

పిల్లలు పుట్టడానికి ఇంకా నెల పడుతుంది, అయినా వాటి తిండి పని ఈ రోజే మొదలుపెట్టాను. మాంటిస్ చచ్చిన పురుగు జోలికి సాధారణంగా పోదు. కళ్ల ముందు కదలాలి. అప్పుడే పుట్టిన పిల్ల అర సెంటీమీటరుంటుంది, దానికి సరిపోయేది డ్రోసోఫిలా ఈగ. పండిపోయిన పండ్ల మీద ముసురుకునే చిన్న ఈగలు ఉంటాయే, అవే. పెంపకానికి వాడేది వాటిలో ఎగరలేని రకం.

ఈగల సీసాలోకి బాగా పండిన అరటిపండు గుజ్జు, పొడి చేసిన ఓట్స్, బూజు పట్టకుండా కాస్త వెనిగర్, పైన చిటికెడు ఈస్ట్. గుజ్జు మరీ పలచగా ఉంటే ఈగలు అందులోనే మునిగి చస్తాయి, సీసా వంచినా జారకూడదు. నలిపిన కాగితం లోపల పెడితే ఈగ గుడ్లలోంచి వచ్చిన పురుగులు దాని మీదికి ఎక్కి ప్యూపాలు, అంటే ఈగగా మారే ముందు కదలకుండా ఉండే గుళికలు, అవుతాయి. మూతికి దగ్గరి నేత గుడ్డ, రబ్బరు బ్యాండు. 25 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి ఈగ దాకా పది రోజులు పడుతుంది. వారానికో సీసా చొప్పున వేస్తూ పోతే ఎప్పుడూ ఒకటి పండుతూ ఉంటుంది.

రోజు 17

మొదటి సీసా గుడ్డ తీయగానే ఐదారు ఈగలు ముఖం మీదికి ఎగిరాయి. ఎగరలేని ఈగలు ఎగరడమేంటని ఒక్క క్షణం అర్థం కాలేదు.

తర్వాత చూస్తే రబ్బరు బ్యాండు ఒక పక్క వదులై ఉంది. బయటి మామూలు ఈగ లోపలికి దూరి జత కట్టింది. నేను తెచ్చుకున్న రకంలో ఎగరలేని లక్షణం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే పిల్లలో బయటపడుతుంది. ఒక వైపు నుంచి మామూలు లక్షణం వస్తే చాలు, పిల్లలకి మామూలు రెక్కలే. మెండెల్ బఠాణీ మొక్కల్లో చూపించిన లెక్కే ఇది. బడిలో బట్టీ పట్టిన పాఠం నా సీసాలోనే కళ్లారా చూశాను.

సీసా మొత్తం ఫ్రీజర్‌లో పెట్టి పారేశాను. రెండో సీసా బాగానే ఉంది, అందులోంచే కొత్తవి వేశాను. ఇక మీదట గుడ్డ మీద రెండు బ్యాండ్లు.

రోజు 34

పుట్టాయి!

పొద్దున్నే నీళ్లు చిలకరిద్దామని వెళ్తే గూడు కింద ఏదో నల్లటి గుత్తి వేలాడుతోంది. భూతద్దంతో చూశాను. మాంటిస్ పిల్లలు గూడులోంచి వచ్చేటప్పుడు కాళ్లు చాచుకుని రావు. ఒళ్లంతా పలచటి పొర చుట్టుకుని చిన్న పురుగులా జారుకుంటూ వస్తాయి, సన్నటి దారం మీద వేలాడుతూనే ఆ పొర వదిలేస్తాయి. ఒక పిల్లని మొదటి నుంచి చివరి దాకా చూశాను. ముందు తల మీద పొర చిట్లింది. తర్వాత అది వెనక్కి వాలి ఊగింది. వెంట్రుకల్లాంటి కాళ్లు ఒక్కొక్కటే బయటికి తీసుకుంది, తీసిన కాలు తీసినట్టే గాల్లో వెతుకుతోంది, పట్టుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని. పక్కనున్న పిల్ల వీపు దొరికింది. దాని మీదుగా పాక్కుంటూ మూత దాకా వెళ్లి తలకిందులుగా స్థిరపడింది. పుట్టిన పది నిమిషాల్లో ఆ జీవి చేసిన మొదటి పని పైకప్పు వెతుక్కోవడం.

(తర్వాత చేర్చిన మాట) ఈ సంగతి అప్పుడు రాసుకున్నాను కానీ దాని అర్థం పూర్తిగా తలకెక్కడానికి నాకు ఇంకో డెబ్బై రోజులు పట్టింది.

మధ్యాహ్నానికి లెక్కపెడితే 33. నల్లగా, పొట్ట పైకి ఎత్తిపెట్టి గబగబా నడుస్తుంటే చీమల్లా ఉన్నాయి. పక్షులు చీమల జోలికి అంతగా పోవు, అది కలిసొస్తుందేమో. అన్నిటినీ ముప్పై సెంటీమీటర్ల ఎత్తున్న వల పంజరంలోకి మార్చాను. ఘోస్ట్ మాంటిస్‌లలో ఇదొక సౌకర్యం: మిగతా చాలా రకాల్లా ఒకదాన్నొకటి వెంటనే తినెయ్యవు. తిండి పుష్కలంగా ఉంటే చిన్నప్పుడు కలిపే ఉంచొచ్చు.

రోజు 36

నిన్నంతా ఏమీ ముట్టలేదు. ఇవాళ ఈగలు వదలగానే వేట మొదలైంది. వేటంటే పరుగులేం లేవు. ఈగ దగ్గరికి వచ్చేదాకా గాలికి కదిలే ఆకులా అటూ ఇటూ ఊగడం, అంతే. ముందు కాళ్లు ఎప్పుడు కదిలాయో కంటికి ఆనదు, ఈగ మాత్రం చేతిలో ఉంటుంది.

కొమ్మ మీంచి కొమ్మ మీదికి దూకేముందు ఇంకో రకం ఊపు కనిపించింది. కళ్లు దేని మీదో నిలిపి, ఒంటిని మెల్లగా ఎడమకీ కుడికీ జరుపుతుంది. దగ్గరి వస్తువు ఎక్కువ జరిగినట్టు, దూరపు వస్తువు తక్కువ జరిగినట్టు కనిపిస్తుంది కదా, ఆ తేడాతో దూరం కొలుచుకుంటుంది. వేటలో దూరం అంచనా వేసే పద్ధతి వేరు, రెండు కళ్లూ కలిపి చూస్తుంది. 2016లో న్యూకాజిల్ యూనివర్సిటీ పరిశోధకులు వేరే జాతి మాంటిస్‌కి తేనెమైనంతో బుల్లి త్రీడీ కళ్లజోడు అతికించి, తెర మీద బొమ్మ పురుగుని చూపించి ఈ సంగతి తేల్చారు. తెరకి ముందు గాల్లో తేలుతున్నట్టు బొమ్మ కనపడగానే మాంటిస్ దాని మీదికి కాళ్లు విసిరింది.

రోజు 45

నాలుగు చనిపోయాయి. మొదటి దశలో కొన్ని పోవడం మామూలే. 14 పిల్లల్ని గూడు ఇచ్చినవారే తిరిగి తీసుకున్నారు, ఆయన దగ్గర మరో వంశం ఉంది, దానితో కలుపుతారట. నా దగ్గర 15 మిగిలాయి.

మిగిలిపోయిన పిల్లల్ని తోటలో వదిలేస్తే పోలా అని ఒకరు అడిగారు. వదలకూడదు. తనది కాని చోట అవి చావనైనా చస్తాయి, బతికితే అక్కడి పురుగుల మీద పడతాయి. సాకలేనంటే ఇంకో పెంపకందారుకి ఇవ్వాలి. అదీ కుదరకపోతే గూడు పొదగక ముందే ఫ్రీజర్‌లో పెట్టాలి.

రోజు 51

మొదటి కుబుసాలు. పంజరం పైకప్పుకి ఏడు ఖాళీ తొడుగులు వేలాడుతున్నాయి. ఒక్కోటీ కాళ్లూ మీసాలతో సహా పూర్తి పిల్ల ఆకారం. రంగు నలుపు నుంచి ముదురు గోధుమకి దిగింది, తల మీద కిరీటం మొలక కనపడుతోంది.

రోజు 72

మూడో దశలోకి వచ్చాయి, మళ్లీ ఇక్కడే దెబ్బ తగిలింది.

డ్రోసోఫిలా హైడీ అనే పెద్ద రకం ఈగలకి మారాలని మూడు సీసాలు వేశాను. దీనికి మొదటి రకం కంటే దాదాపు రెట్టింపు సమయం పడుతుంది, ఆ లెక్క ముందే వేసుకున్నాను. నాలుగు రోజుల క్రితం సీసాల అంచు మీద తెల్లటి దుమ్ము కనిపించింది. వేలితో తుడవబోతే ఆ దుమ్ము కదిలింది. భూతద్దం పెట్టాను. నల్లులు. మంచాల్లో ఉండేవి కాదు, మైట్స్ అంటారే, ధాన్యంలో పట్టేలాంటివి, ఒక్కోటీ ఇసుక రేణువులో సగం కూడా లేదు, వేలకి వేలు ఒకదాని మీద ఒకటి పాకుతున్నాయి. ఈగల పురుగులు తినాల్సిన గుజ్జంతా అవి తినేశాయి. మూడు సీసాలూ పోయినట్టే.

పాత చిన్న ఈగల సీసాల్లో మిగిలినవి ఏరి వేశాను, కానీ ఈ సైజు పిల్లలకి అవి ఆనలేదు. నాలుగు రోజుల్లో 15 కాస్తా 12 అయ్యాయి. ఒక పిల్ల చేతిలో ఇంకో పిల్ల తల చూశాను. కలిసి ఉంటాయనే మాటకి తిండి ఉన్నంతవరకే విలువ. తప్పు వాటిది కాదు, సమయానికి తిండి పెట్టలేకపోయిన నాది.

ఆ రాత్రే చేసిన మార్పులు రాసుకుంటున్నాను. నెల దాటిన సీసా ఏదైనా సరే, ఈగలు వస్తున్నా సరే, పారేయడం. సీసాలన్నీ సబ్బు నీళ్లు పోసిన పళ్లెంలో, చిన్న దిమ్మల మీద నిలబెట్టడం, అప్పుడు ఒక సీసాలోంచి ఇంకో సీసాలోకి నల్లులు పాకలేవు. కొత్త సీసా వేసేటప్పుడు అప్పుడే పుట్టిన ఈగల్నే తీసుకోవడం, పాత ఈగల ఒంటి మీద నల్లులు అంటుకుని వస్తాయి. అన్ని సీసాలూ ఒకే గదిలో కాకుండా రెండు చోట్ల ఉంచడం.

పోయినసారి పిల్లలు పోయింది కూడా ఈ దశలోనే. ఇప్పుడు ఆలోచిస్తే అప్పుడు కూడా నల్లులే అయ్యుంటాయనిపిస్తోంది.

రోజు 80

హైడీ ఈగలు మళ్లీ దొరికాయి, వేరేవాళ్ల దగ్గర్నుంచి ఒక పండిన సీసా తెచ్చుకున్నాను. పొట్టలు గుండ్రంగా అయ్యాయి. ఊపిరి పీల్చుకున్నాను.

రోజు 92

నాలుగో దశ. ఒక్కోదానికీ విడి డబ్బా ఇచ్చి 1 నుంచి 12 దాకా నంబర్లు రాశాను. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలు, మూతకి సూది బెజ్జాలు, లోపల ఒక పుల్ల. పైనుంచి కూడా చక్కగా కనపడాలని నున్నటి మూతలే ఎంచుకున్నాను.

రోజు 106

ఇది రాయడం కష్టంగా ఉంది.

5వ డబ్బా పిల్ల మూడు రోజులుగా తినడం లేదు, ఒళ్లు ఉబ్బినట్టుంది. కుబుసం విడుస్తుందని తెలుసు. పొద్దున చూస్తే డబ్బా అడుగున పక్కకి పడి ఉంది. సగం కుబుసం ఇంకా పొట్టకి అంటుకునే ఉంది. ముందు కాళ్లు రెండూ తప్పు చోట వంగి, అలాగే గట్టిపడిపోయాయి. 11వది కూడా అంతే, దాని మెడే వంకరపోయింది. 7వది బతికి బయటపడింది కానీ ఎడమ మధ్య కాలు మొదట్లోనే ఊడిపోయింది.

వేట కాళ్లు పనిచేయని మాంటిస్ బతకలేదు. రెండు రోజులు పుల్లతో తిండి అందించి చూద్దామనుకున్నాను, 5వది నోరు కూడా సరిగ్గా కదపలేకపోతోంది. రెండిటినీ ఫ్రీజర్‌లో పెట్టాను. చల్లబడే కొద్దీ పురుగు ఒళ్లు మొద్దుబారుతుంది, నాకు తెలిసినంతలో అదే తక్కువ బాధ. నూరు రోజులు చేతుల మీద పెంచిన ప్రాణాలు. సాయంత్రం దాకా ఏ పని మీదా మనసు నిలవలేదు.

తర్వాత డబ్బా ముందు కూర్చుని ఏం జరిగిందో వెనక్కి లెక్క కట్టాను. మాంటిస్ తలకిందులుగా వేలాడి కుబుసం విడుస్తుంది. వెనక కాళ్ల గోళ్లతో పైకప్పుని పట్టుకుంటుంది, మెడ వెనక చర్మం చిట్లుతుంది, ఒంటి బరువుకి తనే మెల్లగా కిందికి జారుతుంది. అంటే దాని ఒళ్లు బయటికి రావడానికి సగం పని భూమి ఆకర్షణ చేస్తుంది. అందుకు రెండే రెండు కావాలి: పైన జారని పట్టు, కింద అడ్డం లేని ఖాళీ. ఒంటి పొడవుకి కనీసం రెండింతల ఖాళీ ఉండాలి, డబ్బా ఎత్తు మూడింతలకి పైగా ఉండాలి.

నా నున్నటి మూత మీద గోళ్లు నిలవలేదు. పిల్లలు పుల్ల మీదికి వచ్చాయి. పుల్ల డబ్బా మధ్య ఎత్తులో ఉంది. జారుతూ వచ్చిన తల నేలకి తగిలింది, ఒళ్లు ఇంకా పాత చర్మంలోనే ఉంది. అప్పుడే బయటికొచ్చిన కాళ్లు తడి కాగితంలా ఉంటాయి, ఎలా వంగితే అలాగే ఆరిపోతాయి.

నాకు బాగా కనపడాలని పెట్టిన మూత వాటి పట్టు తీసేసింది. పుట్టిన రోజే ఆ పిల్ల పైకప్పు వెతుక్కోవడం కళ్లారా చూశాను, ఇంటిని మాత్రం నేల నుంచి ఆలోచించి కట్టాను.

రోజు 107

మిగిలిన పది డబ్బాలూ ఒక్క రోజులో మార్చేశాను. మూత మధ్యలో పెద్ద కిటికీ కోసి, లోపలి వైపు నైలాన్ వల బిగుతుగా లాగి వేడి జిగురుతో అతికించాను. జిగురు దారాలు వేలాడకుండా గిల్లేశాను, లేకపోతే కాళ్లు చిక్కుకుంటాయి. డబ్బా పక్క గోడకి వేలు పట్టేంత రంధ్రం చేసి స్పాంజి బిరడా పెట్టాను. ఇక తిండి అటునుంచే, మూత తెరవాల్సిన పనే లేదు. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది కానీ నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. పిల్ల ఎప్పుడూ మూతకే వేలాడుతుంది, మనం రోజూ మూత ఎత్తితే రోజూ దాని ఇంటి పైకప్పు ఊపినట్టే. కుబుసం మధ్యలో ఎత్తామంటే అంతే సంగతులు.

పుల్లని ఏటవాలుగా గోడకి ఆనించాను, మధ్య భాగం పూర్తిగా ఖాళీ.

రోజు 114

తిండి మానేసిన పిల్ల డబ్బాలో ఈగలు కూడా ఉంచకూడదని ఇంకో నియమం రాసుకున్నాను. కుబుసం విడిచేటప్పుడు ఈగ వచ్చి మీద వాలినా అదిరిపడి జారిపోతుంది. ఆ రెండు మూడు రోజులు డబ్బా ఖాళీగా ఉంచి, సాయంత్రం నీళ్లు మాత్రం కాస్త ఎక్కువ చిలకరిస్తే చర్మం సులువుగా జారుతుంది.

నీళ్లు తాగడం చూస్తే ముచ్చటేస్తుంది. వల మీద నిలిచిన బొట్టు దగ్గరికి తల వంచి నోరు ఆనిస్తుంది, బొట్టు మెల్లగా చిన్నదై మాయమవుతుంది. తాగుతున్నంతసేపూ కళ్లలోని నల్ల చుక్క నా వైపే ఉంటుంది. నేను ఎటు జరిగితే అటు జరుగుతుంది. నిజానికి అది కంటిపాప కాదు. మాంటిస్ కంట్లో వేల చిన్న కళ్లుంటాయి, వాటిలో సరిగ్గా మన వైపు తిరిగి ఉన్నవి వెలుతురుని మింగేస్తాయి కాబట్టి ఆ చోటు నల్లగా కనపడుతుంది. విషయం తెలిసినా సరే, నన్నే చూస్తోందనిపిస్తుంది.

రోజు 128

ఆడా మగా తేలిపోయింది. మగవాటి కిరీటం సన్నగా, మెలికలు తిరిగి ఉంటుంది. ఆడవాటిది వెడల్పు. పొట్ట కింద పట్టీలు కూడా లెక్కపెట్టాను: ఆడవాటికి ఆరు, మగవాటికి ఎనిమిది. ఆరు ఆడవి, నాలుగు మగవి. 7వది ఆడది.

సాధారణంగా మగవాటికి ఒక కుబుసం తక్కువ, పైగా ఎదిగాక వాటి ఆయువు కూడా తక్కువ. ఇలాగే వదిలేస్తే ఆడవి ఎదిగేసరికి మగవి ముసలివైపోతాయి. అందుకని మగ డబ్బాలు నాలుగూ 22 డిగ్రీలుండే చోటికి మార్చి, తిండి కూడా ఒక పూట తగ్గించాను. ఆడవి 26 దగ్గరే, కడుపు నిండా తింటున్నాయి.

తిండి ఇప్పుడు ఇంటి ఈగలు. ప్యూపాలు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే వాటి ఎదుగుదల నెమ్మదిస్తుంది. కావలసినన్ని బయటికి తీస్తే కొద్ది రోజుల్లో ఈగలొస్తాయి. వచ్చిన ఈగలకి ఒక రోజు తేనె నీళ్లు తాగించి అప్పుడు వేస్తాను. ఆకలిగా ఉన్న ఈగలో పొట్టు తప్ప ఏముంటుంది!

రోజు 137

7వ పిల్లకి ఊడిన కాలు చోట కొత్త కాలు! ఇవాళ కుబుసం విడిచాక కనిపించింది. దారంలా సన్నగా ఉంది, పక్క కాలిలో సగం పొడవే, నడిచేటప్పుడు నేలకి ఆనడం లేదు. మాంటిస్ నడక కాళ్లు ఊడితే కుబుసాల మీద కుబుసాలకి ఇలా తిరిగి మొలుస్తాయి. దీనికి ఇంకా రెండు కుబుసాలున్నాయి, అందులో ఎంత పెరిగితే అంతే. రెక్కలొచ్చాక మళ్లీ చర్మం మార్చదు.

మూతలు మార్చాక ఇప్పటికి పదికి పది కుబుసాలు క్షేమం.

రోజు 181

చల్లటి చోట పెట్టినా 2వ డబ్బా మగది ఎదిగిపోయింది. ఒళ్లు సన్నగా, రెక్కలు పొడుగ్గా, మీసాలు మునుపటి కంటే మందంగా. ఆడవి వదిలే వాసన దూరం నుంచి పసిగట్టడానికి ఆ మీసాలు. రాత్రి లైటు తీశాక డబ్బాలో రెక్కల టపటపలు వినిపించాయి, అందుకని పెద్ద వల పంజరంలోకి మార్చాను.

రాత్రి పూట ఎగిరే మాంటిస్‌కి గబ్బిలమే గండం. మాంటిస్‌కి చెవి ఉందని, అదీ ఒంటి కింద మధ్యలో ఒకే ఒక్క చెవి అని, అది గబ్బిలాలు చేసే, మన చెవికి అందని అల్ట్రాసౌండ్‌ని వినగలదని 1986లో యాగర్, హోయ్ అనే శాస్త్రవేత్తలు ప్రచురించారు. అప్పటిదాకా మాంటిస్‌లు చెవిటివనే అనుకునేవారు. 2వది పంజరం అంతా ఒక చుట్టు తిరిగి పైకప్పుకి వాలి, ఎండుటాకులా నిశ్చలమైపోయింది. దాని కళ్లు పగలు లేత గోధుమ, రాత్రి పూర్తి నలుపు. మసక వెలుతుర్లో కూడా చూడటానికి కంట్లోని రంగు పదార్థం సర్దుకుంటుంది.

రోజు 198

నాలుగు ఆడవి ఎదిగాయి. 7వది ఐదు రోజులుగా తినడం లేదు. వీపు మీద రెక్కల మొగ్గలు ఉబ్బి పక్కకి లేచాయి. ఇదే ఆఖరి కుబుసం, అన్నిటికంటే ప్రమాదమైనది కూడా. ఒళ్లు బయటికి వస్తే చాలదు, రెక్కలు కూడా ముడతలు లేకుండా విచ్చుకోవాలి. దీనికి ఇంకో టెన్షన్: పట్టుకోవడానికి మిగతావాటికి ఉన్నంత బలమైన మధ్య కాలు లేదు.

రాత్రి తొమ్మిదిన్నరకి మూత వలకి తలకిందులుగా స్థిరపడి, ఒళ్లు చిన్నగా అదరడం మొదలైంది. లైటు తగ్గించి దూరంగా కూర్చున్నాను. పది దాటాక మెడ వెనక చర్మం చిట్లింది. లేత ఆకుపచ్చ ఒళ్లు మెల్లగా, ఆగి ఆగి, జారుతూ వచ్చింది. తల, తర్వాత కిరీటం, అది తడిసిన గుడ్డ పీలికలా పక్కకి వాలిపోయి ఉంది. తర్వాత ముందు కాళ్లు రెండూ ఒకేసారి. పొట్ట చివర మాత్రం పాత చర్మంలోనే ఉంచుకుని కదలకుండా వేలాడింది, పావుగంట సేపు. మొదటిసారి చూసేవాళ్లకి చచ్చిపోయిందనిపిస్తుంది. కాళ్లు గట్టిపడేదాకా ఆగడం అది. నేలకీ దాని మీసాలకీ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ ఉంది. నేను కొలిచి వదిలిన ఖాళీ.

ఆపైన ఒక్క ఊపుతో నడుం పైకి వంచి, తన పాత చర్మాన్నే పట్టుకుని ఎక్కింది. కొత్త మధ్య కాలు కూడా వలకి తగిలింది, పట్టుకుంది. పక్కదాని కంటే పొట్టిగా ఉన్నా పట్టుకుంది. అప్పుడు రెక్కలు: నలిగిన తడి కాగితం ఉండల్లా ఉన్నవి, ఒంట్లోని ద్రవం ఎక్కే కొద్దీ పై నుంచి కిందికి విచ్చుకున్నాయి. ఈనెలు ఒక్కొక్కటీ సాగాయి. పదకొండున్నరకి పొట్ట కప్పేంత అయ్యాయి, ఒక్క ముడత లేదు. పొద్దున్నకి ఆ ఆకుపచ్చ పోయి, పండి రాలిన ఆకు రంగుకి వచ్చింది.

రోజు 200

7వది ఇవాళ మొదటి ఈగని పట్టుకుంది. ఒళ్లు పూర్తిగా గట్టిపడేదాకా రెండు రోజులు తిండి పెట్టలేదు.

జత కలపడానికి ఇంకో మూడు వారాలైనా ఆగాలి. ముందురోజు ఆడదానికి కడుపు నిండా పెట్టాలి, పెద్ద పంజరంలో ఆడది తింటున్నప్పుడు మగదాన్ని దాని వెనక వైపు నుంచి వదలాలి. ఆ పంజరం పైకప్పు వల ఒక మూల వదులైంది, రేపు అది బిగించాలి. 2వది చల్లటి చోటనే ఉంది, ఈ పూట సగం ఈగ తిని మిగతాది వదిలేసింది.